తడిసిన ఫోన్‌ని ఆరబెట్టకండి, కడిగించండి

ఫోన్ నీళ్లలో పడిందంటే మన గోదావరి జిల్లాల్లో ముందు మూత తీసేది బియ్యం డబ్బాకే. "రెండ్రోజులు బియ్యంలో పెట్టామండీ, ఆన్ అయింది కూడా, వారం తిరక్కుండా చచ్చిపోయింది" అనే మాట భీమవరంలోనైనా అమలాపురంలోనైనా సెల్ షాపు కౌంటర్ దగ్గర వినపడుతూనే ఉంటుంది. బియ్యం సంగతి ముందు తేల్చేద్దాం.

ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పక్కన పెట్టేస్తారని ఇక్కడ అందరికీ తెలిసిందే. మర ఆడించిన బియ్యంలోనూ 12 నుంచి 14 శాతం దాకా తేమ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలిలో తేమతో ఎప్పుడో సర్దుకుపోయిన గింజ అది. ఫోన్ లోపల, చిప్పుల మీద మూతల్లా ఉండే ఇనప రేకుల కింద, ఐసీల (ఆ చిప్పుల) అడుగున చేరిన నీటిని అదేం లాగుతుంది? పైగా బియ్యానికి అంటుకున్న తవుడు, నూక, పొడి తడి చార్జింగ్ పిన్‌లోకి దిగి గంజి కట్టినట్టు గట్టిపడతాయి. ఆపిల్ కంపెనీ కూడా 2024 జనవరిలో తన సపోర్ట్ పేజీలో ఫోన్‌ని బియ్యం సంచిలో పెట్టొద్దని, గింజల నలుసులు లోపలికి పోయి పాడు చేస్తాయని రాసింది. తర్వాతి నెలలో ఇంటర్నెట్ అంతా ఇదే గోల. సరే, బియ్యం వద్దు, మరి ఏం చెయ్యాలి అని అడిగితే ఆ వార్త షేర్ చేసినవాళ్లలో చాలామంది "సిలికా జెల్" అన్నారు. కొత్త చెప్పుల పెట్టెలో చిన్న పొట్లంలో వచ్చే గుళికలే ఈ సిలికా జెల్. తేమ లాగడంలో అది బియ్యం కంటే ఎన్నో రెట్లు నయం, కాదనను. కానీ అది కూడా ఆరబెట్టడమే. అసలు తప్పు ఆ ఆరబెట్టడంలోనే ఉంది.

నీళ్లు వాటంతట అవి ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డుని పెద్దగా ఏమీ చెయ్యవు. పని తెలిసిన రిపేరు షాపుల్లో బోర్డుల్ని నీళ్లలో ముంచే కడుగుతారు. పాడు చేసేవి రెండు: నీళ్లలో కరిగి ఉన్న ఉప్పు, బోర్డు మీద పారుతున్న కరెంటు. బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ, ఫోన్ ఆఫ్ చేసినా సరే, బోర్డు మీద కొన్ని లైన్లలో 3.7 నుంచి 4.4 వోల్టుల దాకా నిలబడే ఉంటుంది. నీటిని విడగొట్టడానికి 1.23 వోల్టులు చాలు. కాబట్టి ప్లస్ ఉన్న కాలి (సన్నటి లోహపు మొన) దగ్గర రాగి కరిగి నీళ్లలోకి వస్తుంది, పక్కనున్న గ్రౌండ్ వైపు వెళ్లి సన్నటి వెంట్రుకల్లా పేరుకుంటుంది. ఆ వెంట్రుక ఒకటి రెండు కాళ్లనీ కలిపిందా, షార్టే. ఉప్పు ఎంత ఎక్కువైతే ఇదంతా అంత వేగంగా జరుగుతుంది. మంచినీళ్లలో రోజులు పట్టే తుప్పు ఉప్పు నీళ్లలో గంటల్లో పట్టేస్తుంది.

ఇక ఎండలో పెట్టారనుకోండి. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. మీ ఫోన్ ఒక చిన్న ఉప్పు మడి అవుతుంది, అంతే. ఆ ఉప్పు తర్వాత ఊరుకుంటుందా అంటే అదీ లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు దానంతట అదే చెమ్మ పట్టి కరగడం మొదలవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం తేమే చాలు. వానాకాలంలో మన పక్క తెల్లవారుజామున గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పగలు ఆరిన ఉప్పు రాత్రికి మళ్లీ తడుస్తుంది, మళ్లీ కొంచెం రాగిని తింటుంది. "ఆన్ అయింది కదా" అని వాడుతున్న ఫోన్ వారానికో, రెండు వారాలకో ఉన్నట్టుండి పడిపోవడానికి కారణం ఇదే. బియ్యం బాగు చేసిందనుకున్న ఫోన్లలో చాలావరకు అసలు లోపలికి నీళ్లు పెద్దగా పోనివే.

అందుకే ఏ నీళ్లలో పడిందన్నది రిపేరు చేసేవాడు ముందు అడగాల్సిన ప్రశ్న, మీరు అడగకుండానే చెప్పాల్సిన సంగతి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్లలో ఉప్పు చాలా తక్కువ, ఒండ్రు ఎక్కువ. ఒండ్రు కడిగితే పోతుంది. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వనామి రొయ్యల చెరువుల్లో ఇది చెరువుని బట్టి మారుతుంది, రైతు దగ్గర పీపీటీ లెక్క ఎలాగూ ఉంటుంది. ఒక పీపీటీ అంటే లీటరుకి దాదాపు ఒక గ్రాము. "పదిహేను పీపీటీ చెరువులో పడిందండీ, పొద్దున్న మేత వేస్తుంటే" అని చెబితే షాపులో వాడికి ఎలా కడగాలో సగం తెలిసిపోతుంది. "నీళ్లలో పడింది" అని ఊరుకుంటే వాడు స్పిరిట్ కొట్టి, బ్లోయర్ పెట్టి ఇచ్చేస్తాడు.

చాలామంది బోల్తా పడేది బ్యారేజీకి దిగువన గోదావరిలో పడినప్పుడు. గోదావరి మంచినీరే కదా అనుకుంటారు. నరసాపురం దగ్గర, యానాం దగ్గర నదికి పోటు తగులుతుంది. వేసవిలో పైనుంచి నీళ్లు తగ్గితే ఆ నీరు ఉప్పగానే ఉంటుంది, అంతర్వేది దాకా పోతే ఇక సముద్రమే. ఏప్రిల్‌లో నరసాపురం రేవులో పడిన ఫోన్‌ని ఉప్పు నీళ్ల కేసు కిందే చూడాలి. కొబ్బరి నీళ్లు, టీ, కూల్‌డ్రింక్ ఒంపుకున్నవాళ్లకి వేరే తంటా. వాటిలో ఉప్పుల మీద చక్కెర కూడా ఉంటుంది, ఆరితే జిగురు పట్టేస్తుంది. అవీ నీళ్లతో కడగాల్సినవే.

ఫోన్ చేతికి దొరికిన వెంటనే చెయ్యాల్సింది ఆఫ్ చెయ్యడం. పవర్ బటన్ నొక్కితే అసిస్టెంట్ లేచే ఫోన్లు ఎక్కువయ్యాయి ఇప్పుడు. వాటిలో పవర్, వాల్యూమ్ పైబటన్ కలిపి నొక్కితే ఆఫ్ మెనూ వస్తుంది, కొన్నిటిలో వాల్యూమ్ కిందిబటన్‌తో. పది సెకన్లు పట్టుకుని ఉంటే చాలా ఫోన్లు ఆఫ్ అవ్వవు, రీస్టార్ట్ అవుతాయి. అది వద్దు. టచ్ పని చెయ్యకపోతే ఇంకేం నొక్కకుండా వదిలేయండి, బ్యాటరీ స్ట్రిప్ (బ్యాటరీని బోర్డుకి కలిపే పట్టీ) పీకే పని షాపు చూసుకుంటుంది. సిమ్ ట్రే తీసి సిమ్ తుడిచి వేరే ఫోన్‌లో వేసుకోండి, బ్యాంకు ఓటీపీలు ఆగకుండా ఉంటాయి. ఫోన్‌ని చార్జింగ్ పిన్ కిందికి ఉండేలా పట్టుకోండి, విదిలించకండి. విదిలిస్తే పిన్‌లో ఉన్న నీరు కెమెరా దాకా పోతుంది. హెయిర్ డ్రైయర్ కూడా నీళ్లని బయటికి తోలేది తక్కువ, లోపలికి తోలేదే ఎక్కువ.

చార్జర్ మాత్రం చచ్చినా పెట్టకండి. టైప్‌-సీ పిన్‌లో ఒక్కో వరసలో నాలుగో కాలు, తొమ్మిదో కాలు చార్జింగ్ వోల్టేజీవి. నాలుగో కాలిని ఆనుకునే ఐదోది ఉంటుంది, చార్జర్‌తో మాట్లాడే సీసీ కాలు. మధ్యలో అర మిల్లీమీటరు దూరం. తడిగా ఉన్నప్పుడు 5 వోల్టులో, ఫాస్ట్ చార్జింగ్‌లో 9 వోల్టులో ఎక్కిస్తే ఆ సందులోనే మాడి నల్లబడుతుంది. "పిన్‌లో తేమ ఉంది" అని స్క్రీన్ మీద వచ్చే హెచ్చరికని కేబుల్ అటూ ఇటూ తిప్పి పెట్టి మోసం చేసేవాళ్లున్నారు. ఆ హెచ్చరిక ఉన్నది ఇందుకే.

స్పీకర్‌లోంచి నీళ్లు చిమ్మించే రీల్స్ సంగతి కూడా అడుగుతుంటారు. 165 హెర్ట్జ్ దగ్గర బూమ్మని మోగుతుంది, స్పీకర్ జాలీ లోంచి చుక్కలు ఎగురుతాయి, చూడ్డానికి బావుంటుంది, లక్షల లైకులు. అది స్పీకర్ గూట్లో ఉన్న నీటిని నిజంగానే బయటికి నెడుతుంది. వాటర్‌ప్రూఫ్ ఫోన్ మీద వాన పడ్డాక శబ్దం బొంగురుగా ఉంటే వాడుకోండి. చెరువులోంచి తీసిన ఫోన్‌కి అది పెట్టడమంటే తడి బోర్డు మీద ఫుల్ వాల్యూమ్‌లో కరెంటు పారించడం.

వాటర్‌ప్రూఫ్ అన్నాం కాబట్టి నీళ్లని, దుమ్ముని ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఆ ఐపీ నంబరు గురించి. ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. ఐపీ68కి లోతు, టైము కంపెనీయే చెబుతుంది: శాంసంగ్ 1.5 మీటర్లు అంటుంది, ఆపిల్ తన ఐఫోన్ 12 నుంచి 6 మీటర్లు అంటుంది, రెండూ 30 నిమిషాలే. పరీక్షలన్నీ ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద. ఆస్ట్రేలియాలో శాంసంగ్ స్విమ్మింగ్ పూల్‌లో, సముద్రంలో ఫోన్ వాడుతున్నట్టు యాడ్లు వేసింది. తడి ఆరకుండా చార్జింగ్ పెడితే పిన్ తుప్పు పట్టే వీలుంది కాబట్టి ఆ యాడ్లు జనాన్ని తప్పుదోవ పట్టించాయని, 2022లో అక్కడి కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్ల లేబుల్ మీద ఐపీ రేటింగ్, రిపేరు ఎంత తేలికన్న గ్రేడు పక్కపక్కనే వేయాలి. మన దగ్గర పెట్టె మీద ఐపీ68 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నీళ్లు పోతే వారంటీ వర్తించదన్న మాట లోపలి కాగితం మీద చీమంత అక్షరాల్లో ఉంటుంది. ఒకసారి వెనక గ్లాసు మార్పించిన ఫోన్ మీద ఐపీ నంబరు నమ్మకండి. ఫ్యాక్టరీ గమ్ము టేపు పోయి దాని బదులు బీ7000 గమ్ము పడింది. అది సరిగ్గా పట్టడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది, గంటలో చేతికిచ్చేస్తే వాన చినుక్కి కూడా అడ్డు ఉండదు.

ఐపీ68 ఫోన్ ఉప్పు నీళ్లలో పడి, బాడీ పగలకుండా బాగానే ఉంటే, ఆఫ్ చేసి పైనుంచి మంచినీళ్లతో నెమ్మదిగా కడిగి, పిన్ కిందికి పెట్టి ఆరనివ్వండి. ఐపీ లేని ఫోన్‌కి ఇంట్లో ఈ పని చెయ్యొద్దు. మూసిన ఫోన్ మీద పోసిన నీళ్లు ఉప్పుని కడగవు, ఇంకా లోపలికి నెడతాయి. దాన్ని విప్పి కడగాలి.

ఇక షాపులో జరగాల్సిన పని. వెనక మూత గమ్ము వదలడానికి 70, 80 డిగ్రీల వేడి చాలు. విప్పగానే ముందు బ్యాటరీ స్ట్రిప్, తర్వాతే డిస్‌ప్లే స్ట్రిప్ తియ్యాలి. ఈ వరస తప్పితే, ముఖ్యంగా ఎల్‌సీడీ ఫోన్లలో, బ్యాక్‌లైట్ లైన్ పోతుంది. అందులో 15 నుంచి 30 వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి తడిస్తే ముందు మాడే లైన్ అదే. తెల్లగా ఉండాల్సిన చిన్న స్టిక్కర్లు ఎర్రబడ్డాయో లేదో చూస్తే నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలుస్తుంది.

బోర్డు బయటికి తీశాక ఇనప రేకులన్నీ తియ్యాలి. బద్ధకించేది ఇక్కడే. క్లిప్ రేకులు ఊడతాయి, టంకం వేసినవాటికి బ్లోయర్ పెట్టాలి, పని ఎక్కువ. రేకు తియ్యకుండా కడిగితే పైపైన మెరుస్తుంది, నీళ్లు నిలిచింది రేకు కింద.

ఇప్పుడు అసలు మెలిక. షాపుల్లో చాలామంది నేరుగా ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) స్పిరిట్‌తో బ్రష్ కొడతారు. మంచినీళ్ల కేసుకి అది సరిపోతుంది. ఉప్పు కేసుకి సరిపోదు, ఎందుకంటే ఉప్పు ఐపీఏలో దాదాపు కరగదు. వంద మిల్లీలీటర్ల నీళ్లలో 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. ఐపీఏ ఆ నీళ్లని తోసేసి తను ఆవిరైపోతుంది, ఉప్పు ఐసీ అడుగున ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే, ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది. బోర్డు మునిగేంత తీసుకుని మెత్తటి బ్రష్‌తో రెండు వైపులా కడగాలి, ఆ నీళ్లు పారబోసి కొత్తవి పోసి మళ్లీ, ఇంకోసారి. ఆ తర్వాత 99 శాతం ఐపీఏ, మిగిలిన నీటిని తోసెయ్యడానికి. మందుల షాపులో దొరికే 70 శాతంది వద్దు, అందులో 30 శాతం నీళ్లే. శానిటైజర్ అసలే వద్దు, గ్లిజరిన్ జిడ్డు మిగులుతుంది. పెట్రోలు, థిన్నర్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉప్పుని అవి ముట్టుకోవు, ప్లాస్టిక్‌ని, గమ్ముని మాత్రం తినేస్తాయి.

అల్ట్రాసోనిక్ మెషిన్ (ధ్వని తరంగాలతో కడిగేది) ఉంటే మంచిదే, మూడు నుంచి ఐదు నిమిషాలు. కానీ కెమెరా, స్పీకర్, బ్యాటరీ అందులో వెయ్యకూడదు. బోర్డు మీద మైక్ ఉంటే దాని రంధ్రానికి కాప్టన్ టేపు (వేడి తట్టుకునే టేపు) వేసినా పోయే ప్రమాదం ఉందని కస్టమర్‌కి ముందే చెప్పాలి. కడిగాక బ్లోయర్‌ని వంద డిగ్రీలు దాటకుండా, గాలి తక్కువ పెట్టి ఆరబెట్టాలి. ఆరాక ఎక్కడైనా తెల్లటి పొర కనిపిస్తే ఉప్పు పోలేదన్నమాట, మళ్లీ మొదటికి.

మైక్రోస్కోప్ కింద రంగులే సగం కథ చెబుతాయి. ఆకుపచ్చగా ఉంటే రాగిని తుప్పు తిన్నది, నల్లగా ఉంటే కరెంటు పారి మాడింది. డిస్‌ప్లే కనెక్టర్‌లో ఒకే ఒక్క కాలు నల్లబడి, మిగతావి బంగారు రంగులో నిగనిగలాడుతుంటే అది బ్యాక్‌లైట్ కాలే అయ్యుంటుంది. ఆ కాలు గీకి వదిలేస్తే చాలదు, కింద ప్యాడ్ (కాలు అతుక్కునే రాగి చుక్క) ఉందో లేదో చూడాలి, లేకపోతే జంపర్ వైరు, అంటే విడిగా సన్నటి తీగ వెయ్యాలి.

తర్వాత డీసీ మెషిన్, అంటే కావలసిన వోల్టేజీ ఇచ్చి, ఎంత కరెంటు లాగుతోందో చూపించేది. 4 వోల్టులు పెట్టి, బ్యాటరీ బదులు దాన్ని తగిలించి, పవర్ బటన్ నొక్కకుండా మీటర్ చూడాలి. సున్నా ఉండాలి. నొక్కకముందే ముప్పై, యాభై మిల్లీ ఆంపియర్లు చూపిస్తే హాఫ్ షార్ట్, తగిలించగానే పైదాకా కొడితే ఫుల్ షార్ట్. ఫుల్ షార్టే నయం, తొందరగా దొరుకుతుంది. బోర్డు మీద రోజిన్ (టంకంలో వాడే బంక) పొగ పట్టించి, షార్ట్ అయిన లైన్‌లోకి ఒక వోల్టు దగ్గర మొదలుపెట్టి ఒకటి రెండు ఆంపియర్లు వదిలితే ఎక్కడ వేడెక్కిందో అక్కడ రోజిన్ కరుగుతుంది. థర్మల్ కెమెరా ఉన్నవాళ్లకి రోజిన్ అక్కర్లేదు. బ్యాటరీ లైన్‌లో అయితే ఎక్కువసార్లు దొరికేది చిన్న కెపాసిటరే. అది పీకేస్తే షార్ట్ పోతుంది, అలాంటివి పక్కన ఇంకో నాలుగు ఉంటాయి కాబట్టి ఫోన్ నడుస్తుంది. ప్రాసెసర్ కోర్ లైన్‌లోకి మాత్రం బ్యాటరీ వోల్టేజీ ఎక్కించకూడదు, అది ఒక వోల్టు లోపు నడిచే లైన్. అలా ప్రాసెసర్‌ని కాల్చేసి "నీళ్లకి పోయిందండీ" అని చెప్పే రిపేరు కూడా ఉంది.

చార్జింగ్ బోర్డుని కడుగుతూ కూర్చోవడం దండగ. మామూలు ఫోన్లకి కొన్ని వందల్లో కొత్తది వస్తుంది, పాత పిన్ నాలిక లోపల చేరిన ఉప్పు ఎంత కడిగినా పోదు. బ్యాటరీ కూడా ఉప్పు నీళ్లు తగిలితే మార్చాల్సిందే. దాని తల దగ్గర పసుపు టేపు కింద ప్రొటెక్షన్ బోర్డు ఉంటుంది, అది తుప్పు పట్టిన బ్యాటరీని తలకింద పెట్టుకుని చార్జింగ్ పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా. డిస్‌ప్లేలో మబ్బుల్లా వచ్చిన మచ్చలు పొరల మధ్య నీళ్లవి, కడిగితే పోవు, కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిపి వచ్చేది) మార్చాలి. కెమెరాలో ఆవిరి నిలిచినా అంతే.

ఫోన్ కాదు, అందులో ఫొటోలు కావాలి అంటే ఆ మాట ముందే చెప్పండి. పని పద్ధతి మారిపోతుంది. ఒక్కసారి ఆన్ అయి డేటా బయటికి వస్తే చాలు, కాబట్టి అనవసరంగా ఐసీలు పీకి వేడి పెట్టకూడదు. మెమరీ ఐసీ తీసి రీడర్‌లో పెట్టి డేటా తీసిస్తామనేవాళ్లని నమ్మకండి. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి డేటాకి తాళం వేసి ఉంచే ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి, ఆ తాళంచెవి ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. ఒంటరి మెమరీలో చదవడానికి ఏమీ ఉండదు. ఆ బోర్డు బతకాలి, లేదా ప్రాసెసర్, మెమరీ రెండూ కలిపి వేరే బోర్డు మీదికి మార్చాలి. అది ఊళ్లో అన్ని షాపుల్లో అయ్యే పని కాదు. వాట్సాప్ బ్యాకప్ ఉందిలే అనుకునేవాళ్లు ఒకసారి చూసుకోండి: ఆండ్రాయిడ్‌లో అది 2024 నుంచి గూగుల్ ఇచ్చే 15 జీబీలోకే లెక్కకొస్తోంది. ఆ 15 నిండి బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయిన ఫోన్లు బోలెడు.

చెరువు గట్టు మీద తిరిగేవాళ్లు, 2027 పుష్కరాలకి రేవుల్లో దిగేవాళ్లు మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ కొనుక్కోండి, ఖరీదు ఎంతో ఉండదు. కొన్న రోజే ఫోన్ పెట్టకండి. లోపల టిష్యూ కాగితం పెట్టి, క్లిప్ బిగించి, బకెట్‌లో అరగంట బరువు కింద ముంచి ఉంచండి. టిష్యూ ఎక్కడ తడిసినా పౌచ్ పనికిరాదు, తిరిగి ఇచ్చేయండి. సిమ్ ట్రే చుట్టూ ఉండే రబ్బరు రింగు కూడా చూసుకోండి. ట్రే పది సార్లు లాగి పెట్టిన ఫోన్లలో అది తెగి ఉంటుంది, లేదా షాపులో ఎక్కడో పడిపోయి ఉంటుంది.